మంచం పట్టెల ఏరియల్, ఒక ఫిర్యాదు

నేను ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. మీరే మానేశారా, మాన్పించారా అని అడిగేవాళ్ళకు రెండూ నిజమే అని చెబుతాను. ఆ గొడవ ఇక్కడ అక్కర్లేదు. హనుమకొండలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఫిజిక్సు చెప్పాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఈమధ్య బజారులో కనపడి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తయి" అంటున్నారు. పనికొచ్చేవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి. నేను చేసిన పనికిమాలిన పని ఒకటి ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి రాస్తున్నాను.

అరవైల్లో సంగతి. అప్పుడు నేను డిమాన్‌స్ట్రేటర్ని. మా డిపార్ట్‌మెంటుకు హైదరాబాదు నుంచి యుద్ధకాలం నాటి మిలిటరీ రిసీవర్ ఒకటి వచ్చింది. దానితో నాకు అమెచ్యూర్ల పిచ్చి పట్టుకుంది. అమెచ్యూర్లంటే సర్కారు లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సొంతంగా యంత్రం కట్టుకుని, టకటక మోర్సు కొట్టి దేశాలకవతల ఉన్న ముక్కూముఖం తెలియనివాళ్ళతో మాట్లాడేవాళ్ళు. మాట్లాడాలంటే పరీక్ష, పోలీసు విచారణ, ఢిల్లీ నుంచి అనుమతి కావాలి. వినడానికి మాత్రం పోస్టాఫీసులో ఇచ్చే రేడియో లైసెన్సు చాలు. నేను వినేదాన్ని. నోరు విప్పే హక్కు లేకుండా సంవత్సరాల తరబడి విన్నాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు ఈ మాట నమ్మరు.

వినేవాళ్ళకు ఒక మర్యాద ఉండేది. ఎవరినైనా విన్నామంటే, ఫలానా రోజు, ఫలానా వేళ, మీరు ఇంత స్పష్టంగా వినిపించారని వాళ్ళకు కార్డు రాయాలి. వాళ్ళు తమ కార్డు పంపుతారు. పిలిచేవాడికి తన గొంతు ఎంతదూరం పోయిందో తెలిసేది ఆ కార్డుతోనే. నేనుండేది ఒక బట్టల వ్యాపారి ఇంటి మేడమీది గదిలో. నాకు వచ్చే ఉత్తరాలన్నీ ఈ కార్డులే. ఇంటి యజమానురాలు ఒకసారి కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ జపానాయన ఎవలు బిడ్డా, సంబంధమా?" అని అడిగింది. సంబంధమే, కాకపోతే ఆయనకు తెలియదు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పే ఓపిక నాకు లేదు.

నాకు మోర్సు నేర్పింది మా ల్యాబు మెకానిక్. బర్మా యుద్ధంలో సిగ్నల్స్‌లో పనిచేసి వచ్చిన మనిషి. చర్చికి ఆదివారం తప్పకుండా పోయేవాడు, మిగతా ఆరు రోజులూ ల్యాబే ఆయనకు చర్చి. భార్య పోయింది, పిల్లలు లేరు. నేను ఆయన్ను కాకా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను ఒకరి ముందు మేడమ్ అనీ, ఒంటరిగా ఉన్నప్పుడు బిడ్డా అనీ పిలిచేవాడు. యుద్ధంలో ఆయన కుడిచేతి వేలు ఒకటి వంకరపోయింది. అందువల్ల మోర్సు కొట్టేటప్పుడు ప్రతి మాటలో చివరి గీత ఒక వెంట్రుకవాసి సాగేది. దస్తూరీ చూసి మనిషిని గుర్తుపట్టినట్టు, ఆ సాగుడు వింటే కాకను గుర్తుపట్టవచ్చు.

కాలేజీకి ఉత్తరంగా, హసన్‌పర్తి రోడ్డు మీద ఒక బియ్యం మిల్లు ఉండేది. దాని మోటారు తిరిగినంతసేపూ మా రిసీవర్లో గరగర తప్ప మరొకటి వినపడేది కాదు. దానికి కాక ఒక ఉపాయం చేశాడు. హాస్టల్లో విరిగిపోయిన నులకమంచం పట్టెలు తెచ్చి, చదరపు చట్రం కట్టి, దానికి రాగితీగ మూడు చుట్లు చుట్టాడు. కింద ఒక గుంజ, గుంజ మీద చట్రం తిరుగుతుంది. దాన్నే లూప్ ఏరియల్ అంటారు. చట్రం అంచు ఎటు చూస్తే అటునుంచి వచ్చేది బాగా వినపడుతుంది. ముఖం ఎటు తిప్పితే అటునుంచి వచ్చేది తగ్గిపోతూ ఒక్కచోట పూర్తిగా మాయమవుతుంది. ఆ చోటును నల్ అంటారు. వినపడే చోటు వెడల్పుగా ఉంటుంది, అక్కడ దిక్కు తేలదు. మాయమయ్యే చోటు కత్తివాదర లాగా ఉంటుంది. అందుకని దిక్కు కావాలంటే నిశ్శబ్దాన్ని వెతకాలి. అయితే ఇది దగ్గరి శబ్దాలకే. దూరదేశాల సిగ్నల్ ఆకాశాన్ని తాకి పైనుంచి దిగుతుంది, కాబట్టి చట్రాన్ని ఎటు తిప్పినా అది పూర్తిగా పోదు. మిల్లు పోతుంది, దేశాలు మిగులుతాయి. ఇంతకంటే మీకు సాంకేతికం అక్కర్లేదు.

కెమిస్ట్రీ మేడమ్ దానికి మంచం అని పేరు పెట్టింది. "మంచం ఏసుకునే వయసుల మంచం తిప్పుకుంటాంది" అని నా వెనక అన్నదట. నేను ఆమె ఎదురుగానే, నా మంచంలో లంక, జపాను వినపడతాయి, నీ మంచం మీద మీ ఆయన గురక తప్ప ఏం వినపడుతుంది అని అడిగాను. నెల రోజులు మాటల్లేవు. నాకు పెద్ద నష్టం అనిపించలేదు. స్టాఫ్‌రూమ్‌లో నాతో మాట్లాడేవాళ్ళు అంతకుముందు కూడా తక్కువే. కాక ఒక్కడే మాట్లాడేవాడు.

ఆ ఒక్కణ్నీ నేనే పోగొట్టుకున్నాను.

కాలేజీకి తనిఖీ కమిటీ వచ్చిన రోజు రిసీవర్ పెట్టి చూపించమన్నారు. మీట తిప్పగానే పొగ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ప్రిన్సిపాల్ నా వైపు చూసింది. నేను తడుముకోకుండా, మెకానిక్ సరిగా చూసుకోలేదని చెప్పాను. కమిటీ ముందే, అందరూ వింటుండగా, ఇన్నేళ్ళు వచ్చినా బాధ్యత తెలియని మనుషులతో వేగడం ఎట్లా అని కూడా అన్నాను. కాక పెట్టె దగ్గరకు వచ్చాడు. రెండువందల ముప్ఫై వోల్టులకు ఉండాల్సిన మీట నూటపదికి ఉంది. ఆ ఉదయం దాన్ని తుడుస్తూ తిప్పింది నేను. కాక మీటను చూశాడు, నన్ను చూశాడు, "నా తప్పే మేడమ్" అన్నాడు.

అది నేను అబద్ధమాడటం కంటే ఎక్కువ కోపం తెప్పించింది నాకు. ఎదురు తిరిగి ఉంటే వాదించేదాన్ని. ఒప్పుకున్న మనిషితో ఏం వాదిస్తాం? ఆ రోజు నుంచి నేనే మొహం చాటేశాను. మంచాన్ని స్టోరు అటక మీదికి ఎక్కించాను. అంతకు నెలముందు కాక నాకొక కాగితం ఇచ్చి ఉన్నాడు. అమెచ్యూర్ లైసెన్సుకు దరఖాస్తు. పరీక్ష పాసయ్యాడు, ప్రిన్సిపాల్ చేత సత్ప్రవర్తన సంతకం పెట్టించి పంపమని నన్ను అడిగాడు. ఆ కాగితం నా సొరుగులో ఉండిపోయింది. మరిచిపోయానని అనుకునేదాన్ని. నేను మరిచిపోయే రకం కాదు.

మూడు నెలలకు ఆయన రిటైరయ్యాడు. గ్రూప్ ఫోటోలో ఆయన ఒక కొసన, నేను ఇంకో కొసన.

ఆ తర్వాత నేను కొనుక్కున్న ఒక పాత రిసీవర్‌తో, నా మేడగదిలో వైరు ఏరియల్ పెట్టుకుని ఒక్కదాన్నే వినేదాన్ని. కొన్నాళ్ళకు, సాయంత్రం అయిదున్నరకు, డయల్ మీద నేను వినే చోటనే ఎవరో రోజూ అడ్డం రావడం మొదలుపెట్టారు. గట్టి సిగ్నల్. ఊళ్ళోదే అని తెలుస్తూనే ఉంది. అందరికీ పిలుపు, అందరికీ పిలుపు అని కొట్టడం, ఆగడం, మళ్ళీ కొట్టడం. ఎవరైనా సరే లైసెన్సుతో పాటు సర్కారు ఇచ్చిన తన గుర్తు చెప్పి పిలవాలి. వీడికి గుర్తు లేదు, అంటే లైసెన్సు లేదు. మిల్లు గరగరలో గీతలూ చుక్కలూ తెగిపోయి వినిపించేవి. రెండు నిమిషాలు విని, చిరాకుపడి, ముల్లు పక్కకు తిప్పేదాన్ని. ఇట్లా అయిదు నెలలు. చివరకు వైర్‌లెస్ శాఖకు ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు రాశాను. నేను రాసిన మంచి ఉత్తరాల్లో అదొకటి. ఆఖరున, దిక్కు కనుక్కోగలిగిన లూప్ ఏరియల్ మా కాలేజీలో ఉన్నదని గొప్పగా రాశాను. ఎవరు చేసిందో రాయలేదు.

నెల తిరిగేసరికి జవాబు వచ్చింది. ఫలానా గురువారం ఇన్‌స్పెక్టర్ వస్తాడు, పరికరం సిద్ధంగా ఉంచాలి.

బుధవారం సాయంత్రం మంచాన్ని అటక మీది నుంచి దింపించి నా రిసీవర్‌తో పాటు కాలేజీ డాబా మీద పెట్టాను. అయిదున్నరకు సిగ్నల్ వచ్చింది. నల్ పట్టాలంటే ఆ శబ్దాన్ని ఇటు కొంచెం, అటు కొంచెం వింటూ, మధ్యకు రావాలి. అంటే మొదటిసారి నేను ముల్లు తిప్పకుండా, ఆ పిలుపును చివరిదాకా విన్నాను. ప్రతి మాటలో చివరి గీత ఒక వెంట్రుకవాసి సాగుతోంది.

నా చెయ్యి చట్రాన్ని తిప్పుతూనే పోయింది. అది తిరుగుతూ తిరుగుతూ నల్‌లో ఆగింది. కాక మాయమయ్యాడు. ఆయన ఇల్లు మిల్లు వెనకనే. ఒకే దిక్కు కాబట్టి మిల్లు గరగర కూడా ఆయనతో పాటే మాయమైంది. హెడ్‌ఫోన్లో ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాంట్లోంచి, దారం పోగంత సన్నగా, వేరే చెయ్యి ఒకటి వినిపించింది. సిలోను అమెచ్యూర్ ఒకాయన. తన గుర్తు చెప్పి, పిలిచినవారెవరు, మీ గుర్తు చెప్పండి, వింటున్నాను అంటున్నాడు. ఆగుతున్నాడు. మళ్ళీ అడుగుతున్నాడు. చట్రాన్ని వేలెడు పక్కకు జరిపాను. మిల్లు ముంచేసింది. ఆ మిల్లులోంచి కాక, అందరికీ పిలుపు, అందరికీ పిలుపు.

ఆయనకు జవాబు వస్తోంది. మిల్లు గోడకు ఆనుకుని కూర్చున్న ఆ మనిషికి, అంత దగ్గరలో ఏ మంచమూ పనిచెయ్యదు కాబట్టి, అది వినపడే దారి లేదు.

రిక్షా మాట్లాడుకుని పోయాను. కాక ఇల్లు ఒకటే గది. మిల్లు అదురుకు గూట్లో గ్లాసులు సన్నగా మోగుతున్నాయి. బల్ల మీద కిరోసిన్ డబ్బా రేకుతో కట్టిన ట్రాన్స్‌మిటర్, పక్కన ఒక ముసలి రిసీవర్. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"రా బిడ్డా, కూసో" అన్నాడు. ఆ గదిలో ఇద్దరమే కదా.

కూర్చోకుండానే చెప్పాను. రేపు ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు, ఈ డబ్బా ఇప్పటికిప్పుడు విప్పెయ్యాలి, దొరికితే కేసు పెడతారు, మిలిటరీ పింఛను కూడా పోవచ్చు.

"వానికెవలు చెప్పిండ్లు?"

"నేనే రాశాను. మీరని తెలియదు."

ఆయన తువ్వాలతో ట్రాన్స్‌మిటర్ మీది దుమ్ము తుడిచాడు. అక్కడ దుమ్మేమీ లేదు. "ఆర్నెల్ల సంది పిలుస్తాన బిడ్డా. ఎవలన్న ఒక్కలు, విన్నమని కార్డు ముక్క రాస్తరేమోనని సూసిన. గుర్తే లేనోనికి కార్డు ఏడికి రాస్తరు, నాదే పిచ్చి. కని నువ్వు విన్నవు." తువ్వాల భుజాన వేసుకుని అన్నాడు, "విని, ఫిర్యాదు రాసినవు."

 

లైసెన్సు రాకుండా ఎందుకు మొదలుపెట్టారు అని, ఇక ఏమీ తోచక, తప్పు ఆయనదే అయినట్టు అడిగాను. కాగితం పోయి ఏడాదాయె, సర్కారు ఒద్దన్నదనుకున్న అన్నాడు. కాగితం నా సొరుగులో ఉంది అని చెప్పాను. ఆయన తల ఊపాడు. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అప్పుడు కూడా చెప్పలేదు. ఆయనకు తెలిసిందే కదా, మళ్ళీ చెప్పడమెందుకని నాలో నేను వాదించుకుని గెలిచాను.

సిలోను ఆయన మాట మాత్రం చెప్పాను. కాక ముందు నమ్మలేదు. "ముసలోనితోని మజాక్ చెయ్యకు బిడ్డా" అన్నాడు. నేను విన్నది విన్నట్టు బల్ల మీద వేలితో కొట్టి చూపించాను. అప్పుడు హెడ్‌ఫోన్ తీసుకుని చెవులకు పెట్టుకున్నాడు, చాలాసేపు. తీసి నా చేతికిచ్చాడు. గరగర, అంతే.

"ఎట్ల విన్నవు నువ్వు?"

"మంచంతో."

"నల్ మంచిగ వచ్చిందా?"

"కత్తిలాగా వచ్చింది కాకా."

ఆయన మొహంలో వెలుగు వచ్చింది. పట్టెలు వదులు కాలేదా, తీగ నల్లబడలేదా అని అడిగాడు. పట్టుబడబోయే మనిషి అడగాల్సిన ప్రశ్నలు కావు. తర్వాత చిన్నగా అన్నాడు, "ఆయన ఎవలు ఎవలు అని అడుగుతాండంటివి గద. రేపొక్కసారి, నేను ఫలానా అని చెప్పి బంద్ జేస్త. జవాబు ఇయ్యకుంట ఊకుంటే ఏం మర్యాద?"

వద్దన్నాను. రేపే ఇన్‌స్పెక్టర్ వినేది. ఎల్లుండి అన్నాడు. ఎల్లుండి కూడా వద్దన్నాను, వాళ్ళు మళ్ళీ ఎప్పుడైనా రావచ్చు. జీవితంలో ఆయనకు వచ్చిన ఒకే ఒక్క జవాబుకు బదులు ఇవ్వవద్దని అరగంట వాదించాను. న్యాయం, చట్టం, పింఛను, అన్నీ నా వైపే ఉన్నాయి. ఆఖరుకు "సరే, నువ్వన్నంక ఏంది" అని డబ్బా మూత విప్పి వాల్వులు ఊడదీశాడు.

గురువారం వచ్చిన ఇన్‌స్పెక్టర్ కోస్తావైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మా డిపార్ట్‌మెంటు హెడ్డు, కెమిస్ట్రీ మేడమ్, ఇంకో ఇద్దరు డాబా మీదికి తమాషా చూడటానికి వచ్చారు. అయిదున్నర అయింది. హెడ్‌ఫోన్ ఒకటే, అది నా చెవులకు ఉంది. చట్రాన్ని నిన్న నల్ దొరికిన చోట ఆపాను. మిల్లు పోయింది. నిశ్శబ్దంలో సిలోను ఆయన వచ్చాడు. ఈరోజు ఎవరూ పిలవకముందే తనే పిలుస్తున్నాడు. రోజూ ఈ వేళకు పిలిచేవారు, ఉన్నారా? మీరెవరు? ఉన్నారా?

"ఏమైనా వస్తోందాండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏమీ లేదు" అన్నాను.

ఆయన హెడ్‌ఫోన్ కోసం చెయ్యి చాపాడు. ఇచ్చేముందు చట్రాన్ని మోచేత్తో తోశాను. ఆయనకు మిల్లు మాత్రమే వినపడింది. మర్యాదగా అయిదు నిమిషాలు విని తిరిగి ఇచ్చాడు. నేను మళ్ళీ నల్‌లో పెట్టుకుని, ఆరు దాటేదాకా, అందరి మధ్యన కూర్చుని విన్నాను. ఆ పిలుపుకు బదులివ్వగలిగినవాడు వాల్వులు ఊడదీసి కూర్చున్నాడు. విన్న నాకు నోరు విప్పే హక్కు లేదు. ఉన్నారా, ఉన్నారా అని అడిగి, తానే అలసిపోయి, ఆయన ఆపేశాడు.

"మరి ఫిర్యాదు ఇచ్చింది మీరే కదండీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. దూరపు స్టేషన్ను ఊళ్ళోదని పొరపాటుపడ్డానని కాగితం రాసి సంతకం పెట్టాను. ఫిజిక్సు తెలిసినవాడెవడూ పడని పొరపాటు అది. మా హెడ్డు, అందుకే ఆడవాళ్ళకు ఈ వైర్‌లెస్‌లు వద్దని మొదటే చెప్పానన్నాడు. కెమిస్ట్రీ మేడమ్, "పోనీలే, మంచానికేం తెలుసు పాపం" అంది. నేను ఎదురుమాట అనలేదు. నాకు జ్వరమేమో అనుకున్నారు.

మరునాడు ఉదయం సొరుగులోని కాగితం తీసుకుని ప్రిన్సిపాల్ గదిలో, ఆమె సంతకం పెట్టేదాకా కదలకుండా నిలబడ్డాను. పెట్టింది కూడా నన్ను వదిలించుకోవడానికే. అక్కడి నుంచి పోలీసు విచారణ, ఢిల్లీ, ఏడాది దాటింది. సిలోను ఆయనకు, మిమ్మల్ని ఫలానా వారంలో విన్నానని మామూలు కార్డు ఒకటి రాశాను. ఆయన తన కార్డు పంపాడు. దాని మీద చేత్తో ఒక వాక్యం రాశాడు. ఆ రోజుల్లో గుర్తు లేకుండా ఒకరు పిలిచేవారు, మీరు దగ్గరివారే కాబట్టి అడుగుతున్నాను, ఎవరో తెలుసా అని. జవాబు రాయలేదు. ఏం రాసినా కాకను పట్టిచ్చినట్టే అవుతుంది.

లైసెన్సు వచ్చేసరికి కాక చూపు మందగించి, మరిపెడలో తమ్ముడి దగ్గరకు పోయాడు. కాగితం పట్టుకుని, ఆ కార్డు పట్టుకుని, మంచాన్ని విప్పి మూటకట్టి, నేను కట్టిన చిన్న బ్యాటరీ సెట్టుతో సహా బస్సెక్కాను. తమ్ముడి ఇల్లున్న వాడకు కరెంటు స్తంభాలు రాలేదు. ట్రాన్స్‌మిటర్ నడిపే వీలు లేదు. కాక లైసెన్సును కళ్ళ దగ్గర పెట్టుకుని తన గుర్తును రెండుసార్లు చదువుకున్నాడు. కార్డును నా చేత చదివించుకుని జేబులో పెట్టుకున్నాడు.

పొద్దుగూకే వేళకు వాకిట్లో మంచం బిగించాం. అక్కడ మిల్లు లేదు. కాక చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని చట్రాన్ని మెల్లగా తిప్పుతుంటే, ఒకరి తర్వాత ఒకరు దొరుకుతున్నారని ఆయన పెదవుల కదలికలోనే తెలిసింది.

"అందరు వినవడ్తాండ్లు బిడ్డా. నాకిది సాలు" అన్నాడు.

చాలదు అన్నాను. వినడం ఒక్కటే ఎట్లా చాలుతుంది, ఆయన గుర్తు ఆయనకు వచ్చాక ఊరుకోవడం ఏం న్యాయం, కరెంటు ఆఫీసుకు నేను రాస్తాను, లేకపోతే లారీ బ్యాటరీలు తెస్తాను, ఆ తప్పు నాది, ట్రాన్స్‌ఫార్మర్ తప్పు కూడా నాదే అని, ఆఖరి బస్సు హారను కొట్టేదాకా వాదించాను. కాక వినలేదు. చెవులకు హెడ్‌ఫోన్ ఉంది.